ముందు కొట్టం చూసే మనిషి

పోయిన నెల చంద్రపూర్‌లో తాయి సంతాప సభ జరిగింది. హాలు నిండిపోయి జనం వరండాలో నిలబడ్డారు. మైకు ముందుకు వచ్చిన ప్రతివాళ్లూ ఆమె ఆపించిన ఎడ్ల పందేల గురించి, కోర్టుల్లో నడిపిన కేసుల గురించి, చివరి ఏళ్లలో పెట్టుబడి పెట్టి నిలబెట్టిన చిన్న చిన్న తిండి పరిశ్రమల గురించి చెప్పారు. అన్నీ నిజాలే. వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న నా దగ్గరికి ఒకాయన వచ్చి, "చివర్లో ఆమె వెంట తిరిగింది నువ్వే కదా, రెండు మాటలు చెప్పు" అన్నాడు. మంచినీళ్లకన్నట్టు లేచి బయటికి వెళ్లి, చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మైకు ముందు నాకు గొంతు రాదు. రాయడం మాత్రం వచ్చు. మా దగ్గర తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు గానీ చదివేవాళ్లు తక్కువ. నాకు అక్షరాలు నేర్పింది అమ్మమ్మ, కాగజ్‌నగర్ నుంచి తెప్పించుకున్న పాత వారపత్రికల మీద నా వేలు పట్టి దిద్దించి. బడంతా మరాఠీలో చదివినా డైరీ మాత్రం తెలుగులోనే రాసుకుంటాను. ఇంట్లో ఎవరూ చదవలేరన్న ధీమా ఒకటి. ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను.

ఆమె పేరు రాయడం లేదు. పేరు రాస్తే పేపర్లో పడిన మనిషి అవుతుంది. మా అమ్మ కంటే పెద్దదే అయినా అందరూ తాయి అనేవాళ్లు, అంటే మరాఠీలో అక్క. నాకూ తాయే. ఆమె మాట్లాడేది మరాఠీ. కానీ ఆమె మాటలు గుర్తొచ్చినప్పుడు నాకు మా యాసలోనే వినిపిస్తాయి కాబట్టి అట్లాగే రాస్తాను.

నూలు చీర కింద మగపిల్లలు బడికి వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. భుజాన గోనెసంచి లాంటి సంచి. అందులో దూది, కానుగ నూనె సీసా, నిమ్మకాయలు, ఒక స్టీలు గ్లాసు. పాలు తాగదు కాబట్టి ఎవరింటికి వెళ్లినా గ్లాసు తీసి ముందు పెట్టి, "కోరా చాయ్ పోయి, నిమ్మకాయ నాదే" అనేది. ఆమె బస్సెక్కితే కానుగ నూనె వాసన ముందు ఎక్కేది. నవ్వితే చప్పుడుండేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. పక్కన కూర్చున్నవాళ్లకు ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక బెదిరిపోయేవాళ్లు.

మనుషులందరినీ నువ్వు అనేది. పెద్ద ఆఫీసరయినా అంతే. జంతువులను మాత్రం మీరు అనేది. వరోరా సంతలో ఒకసారి దారికి అడ్డంగా నిలబడిన గాడిదతో, "మీరు కొంచెం పక్కకు జరిగితే మేం పోతం" అంది. వెనక ఉన్న కమీషన్ ఏజెంటు పగలబడి నవ్వాడు. ఆమె వెనక్కి తిరిగి, "నువ్వూ జరుగు" అంది అతనితో.

నన్ను పనిలో పెట్టుకున్న తీరు కూడా అట్లాంటిదే. మరాఠీ టైపింగు కోసం మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్లాను. కోట గోడ పక్క సందులో ఆమె ఇల్లే ఆఫీసు. చదువెంత అని అడగలేదు. పెరట్లోకి తీసుకెళ్లి ఒక ముసలి గేదెను చూపించి, "కొంచెంసేపు ఆగి చూసి రా, చూసింది రాయి" అంది. మాట్లాడమనలేదన్న సంతోషంతో రెండు పేజీలు రాశాను. గేదె కుడి కంటితో చూడడం లేదని, ఈగలు కుడివైపే ఎక్కువ వాలుతున్నాయని, మనిషి అలికిడికి ఎడమ చెవే ముందు తిరుగుతోందని. ఆమె చదివి, "నీకు మాట తక్కువ. మంచిదే. రేపటిసంది రా పోరీ" అంది. మా తెలుగులో పోరీ అంటే కాస్త మోటుగా ఉంటుంది. ఆమె నోట్లో అది ముద్దుగా ఉండేది.

ఆమె పాత జీవితం నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఎడమ కనుబొమ మీద ఒక గాటు ఉండేది. మా వైపు ఎడ్లబండ్ల పందేన్ని శంకర్‌పట్ అంటారు. వయసులో ఉన్నప్పుడు ఒక ఊళ్లో ఆ పందెం దారికి అడ్డంగా పడుకుందట. జనంలోంచి రాయి వచ్చింది. "రాయి నాకు తగిలింది, ఎద్దుకు మంచిగైంది" అనేది. "అందరు నన్ను చూసుడు పెట్టిన్రు. దాని తోకకు మేకు గుచ్చెటోడు గూడ మేకు పారేసి నన్ను చూసిండు."

తర్వాత ఏళ్ల తరబడి లారీలు ఆపింది. గొడ్లను కాళ్లు విరిగేట్టు కుక్కి తీసుకెళ్లే లారీలు. ఆ రోజుల్లో కర్రలు పట్టుకుని, మేమూ వస్తామని కొందరు కుర్రాళ్లు వచ్చేవాళ్లట. ఆమె చేటా చీపురూ ఇచ్చి ముందు పేడ ఎత్తమనేది. మర్నాడు ఒక్కడూ వచ్చేవాడు కాదని చెబుతూ భుజాలు ఊపేది.

అంత పని వదిలి పెట్టుబడుల్లోకి ఎందుకు వచ్చారని ఒకసారి అడిగాను. రాజూరా బస్టాండులో బస్సు కోసం కూర్చుని ఉన్నాం.

"లారీ ఆపిన, దాని ఎనుక ఇంకో లారీ ఉండె. అదీ ఆపిన, దాని ఎనుక ఇంకోటి. ఒకనాడు కూసొని ఆలోచన చేసిన. లారీ ఎక్కకముందు గొడ్డు ఏడున్నది? కొట్టంల ఉన్నది. కొట్టంలకెళ్లి ఎందుకు బయటికొచ్చింది? ఇంట్ల గడవక. మరి నేను నిలవడాల్సింది రోడ్డు మీదనా, పొయ్యి కాడనా?"

అట్లా నాగ్‌పూర్‌లోని ఇద్దరు పాత స్నేహితులతో కలిసి, ఉన్నది పోగుచేసి, పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలకు పెట్టుబడి ఇవ్వడం మొదలుపెట్టింది. సోయా పాలు, సోయా పనీర్, జొన్న అటుకులు, గోంగూర పచ్చడి. గొడ్డును పీడించకుండా ఇల్లు గడిచే తిండి ఏదైనా సరే. దానం అన్న మాట అంటే కోపం వచ్చేది. "దానం ఇస్తే మల్ల వాళ్ల గడప తొక్కనీకి మొకం ఉండదు. వాటా ఉంటే ఎప్పుడంటే అప్పుడు పోయి కొట్టం చూడొచ్చు" అనేది.

నిజంగానే ముందు కొట్టం చూసేది. ఊరికి వెళ్తే ఆడవాళ్లు యంత్రం పెట్టే గది చూపించాలని తొందరపడేవాళ్లు. ఆమె మాత్రం గొడ్లు ఎక్కడ అని అడిగేది. ఎద్దు దగ్గరికి వెళ్లి, "నమస్కారం, చెయ్యి పెడుతున్న" అని చెప్పి, కాడి ఆనే చోట, మూపు మీద అరచేయి పరిచి కళ్లు మూసుకునేది. కాయ కాచిందా, వేడిగా ఉందా, ఎద్దు ఒళ్లు ముడుచుకుందా. "మనిషి ఇంటి ముచ్చట మూపు చెప్తది" అనేది. లక్కడ్‌కోట్‌లో ఒకామె పక్కామెతో తెలుగులో గొణిగింది: "బ్యాంకోడు ఇల్లు జూస్తడు, ఈమె కొట్టం జూస్తది. సంతకం గూడ ఎద్దుతోనే పెట్టిస్తదేమో." తాయి ఏమందని అడిగితే చెప్పక తప్పలేదు. దారంతా భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

చూసొచ్చాక ఇంకో పద్ధతి ఉండేది. తిరుగు బస్సులో ఇద్దరం వేరువేరు సీట్లలో కూర్చునేవాళ్లం. ఆమె చీటీ ఆమె రాసేది, నాది నేను రాసేదాన్ని. ఒకరితో ఒకరం మాట్లాడకూడదు. రాజూరాలో బస్సు ఆగినప్పుడు చీటీలు మార్చుకోవాలి. "మాట్లాడుకుంటే ఒక్కల కండ్లే మిగుల్తయి" అనేది. ఆ చీటీలు రెండూ ఒకదానితో ఒకటి కలిస్తేనే సంఘం కాగితం నాగ్‌పూర్‌కు వెళ్లేది. ఒకసారి మంచి సంఘాన్ని, ఒకరింటి కుక్క గొలుసు మరీ పొట్టిగా ఉందని తిప్పి పంపింది. నాకది నచ్చలేదు. నచ్చలేదని చీటీలో రాశాను కూడా. ఆమె చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. మనసు మాత్రం మార్చుకోలేదు.

రెండో ఎండాకాలం అనుకుంటాను. ఒక ఇంట్లో పొయ్యి మీద నుంచి దించిన కోరా చాయ్‌ని ఆమె స్టీలు గ్లాసులో పోశారు. ఆమె చేత్తో పట్టుకుని మాట్లాడుతూనే ఉంది. నేను గ్లాసు అంచు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మర్నాడు ఆమె మూడు వేళ్ల మీద బొబ్బలు. వేడి నూనె చిందిందని చెప్పింది. షుగరు ఆమెకు ఎన్నాళ్ల నుంచో ఉంది. చేతికి వేడి తెలియడం లేదని నాకు అర్థమైంది. ఆమె అబద్ధం చెప్పడం నేను చూడడం అదే మొదటిసారి. డైరీలో రాసుకున్నాను, బయట ఎవరితోనూ అనలేదు.

ఆ వానాకాలంలో మా చిన్నమ్మ వాళ్ల సంఘం అర్జీ పెట్టింది. చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. కోర్పనా దగ్గర ఊరు, సోయా, పత్తి చేను. పదకొండు మంది ఆడవాళ్లు సోయా పనీర్ చేద్దామని అనుకున్నారు. పండించిన సోయా సంచుల్లో కట్టి వచ్చిన ధరకు ఇచ్చేయడమే తప్ప దానితో ఇంకేం చెయ్యొచ్చో అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ తాయి ఎన్నడొస్తే మంచిగుంటది బిడ్డా?" అని అడిగింది.

పోళా ముందురోజు అయితే బాగుంటుందని నేనే చెప్పాను.

పోళా మా వైపు ఎద్దుల పండగ. ఆ రోజు ఎద్దు మీద కాడి పెట్టరు. ముందురోజు ఎద్దును వాగులో కడిగి, ఏడాదంతా బరువు మోసిన మూపును వేడినీళ్ల గుడ్డతో కాపి, పసుపూ నెయ్యీ కలిపి రుద్దుతారు. తర్వాత దాని చెవి దగ్గరికి వంగి, ఈ రోజు పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి అని చెబుతారు. ఎద్దును మీరు అనే ఆచారం ఆమె ఒక్కదానిదే కాదని చూపిస్తే సంతోషిస్తుందని నా ఆశ. ఆ పసుపు కింద ఏముంటుందన్న ఆలోచన నాకు రాలేదు.

మేం వెళ్లేసరికి ముసురు పట్టింది. కొట్టంలో మసక చీకటి. చిన్నాయిన అప్పుడే మూపులు రుద్ది చేతులు కడుక్కుంటున్నాడు. రెండు ఎద్దులు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చెవిలో పిలుపు చెప్పడం విని తాయి ముఖం వెలిగిపోయింది. "ఇన్నేండ్లు విన్న గానీ ఇంత దగ్గరకెళ్లి వినలే" అంది. తర్వాత పొట్టి ఎద్దుకు నమస్కారం చెప్పి, కళ్లు మూసుకుని మూపు మీద చెయ్యి పరిచింది.

ఎద్దు ఒళ్లంతా ముడుచుకుని పక్కకు జరిగింది. తాయి చెయ్యి దానితోపాటే జరిగి, ఎక్కడా ఆగకుండా పసుపు మీద నుంచి కిందికి వచ్చింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అరచేతి పసుపులో ఎర్రటి చార ఒకటి.

చిన్నమ్మ గబుక్కున గుడ్డ అందించి, "కుంకుమ తాయీ, పండగ గద" అంది. తాయి చిన్నమ్మ ముఖం చూసి నవ్వి, చెయ్యి తుడుచుకుంది. చెయ్యి వైపు చూడలేదు. చిన్నమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. బతిమాలుతున్నట్టూ ఉంది, నువ్వు మాదానివి కదా అని గుర్తుచేస్తున్నట్టూ ఉంది.

బస్సులో ఎప్పటిలాగే విడివిడిగా కూర్చున్నాం. నేను రాసింది ఇంతే: "కొట్టం శుభ్రంగా ఉంది. రెండు ఎద్దులు. మూపులకు పసుపు, నెయ్యి." ఒక్క అక్షరం అబద్ధం లేదు. రాజూరాలో చీటీలు మార్చుకున్నాం. ఆమెది విప్పితే, "మూపులు బాగున్నాయి" అని ఉంది.

"ఈసారి తక్కువ రాసినవేంది?" అంది.

"మా చిన్నమ్మ ఇల్లు గద తాయీ."

ఆమె భుజాలు ఊగాయి. చీటీలు కలిశాయి.

నాగ్‌పూర్ వాళ్లు సరేనన్నారు. కాగితం టైపు చేసి తాయి సంతకానికి పెట్టాను. ఈ లోపల చిన్నమ్మ ఫోన్: గది ఖాళీ చేశామని, గోడలకు సున్నం వేశామని, పదకొండు మందీ కలిసి ఏమేం చేద్దామనుకుంటున్నారో అన్నీ. చివర, "నువ్వున్నవు గాబట్టి అయింది బిడ్డా" అంది. ఆ తర్వాత నాలుగు రోజులు డైరీలో ఏమీ రాయలేకపోయాను. పుస్తకం తెరిచేదాన్ని, తేదీ వేసేదాన్ని, మూసేసేదాన్ని. ఐదో రోజు పొద్దున తాయి ఇంటికి వెళ్లి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాను.

"తాయీ, మా చిన్నమ్మోళ్ల పొట్టి ఎద్దుకు మూపు మీద పుండున్నది."

ఆమె కళ్లజోడు తీసింది. "నా చేతికి తగల్లే."

"పసుపు కింద ఉండె. మీరు చెయ్యి పెట్టంగనే అది జరిగింది. మీ చేతికంటింది కుంకుమ కాదు."

"నువ్వు చూసినవ్."

"చూసిన."

"రాయలే."

"రాయలే."

పెరట్లో గేదె గొలుసు చప్పుడు చేసింది. ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది వేరెవరిదో అయినట్టు చూసుకుంది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"పుండు సంగతా? ఆనాడే..."

"పుండు గాదు. చెయ్యి సంగతి."

"ఎండకాలంసంది. చాయ్ గిలాస పట్టుకున్నప్పటిసంది."

తిడుతుందేమో, తిడితే బాగుండని ఎదురుచూశాను. చివరికి అంది: "స్పర్శ లేని చెయ్యి పెట్టి మంచిగున్నదని రాసిన నేను. చూసి గూడ రాయలేదు నువ్వు. రెండు చీటీలు బరాబర్ కలిసినయి, చూసినవా?" ఆమె భుజాలు ఊగలేదు. "ఇయ్యాల ఇంటికి పో. నేనే పిలుస్త."

మూడో రోజు పిలిచింది. మళ్లీ కోర్పనా బస్సు.

చిన్నమ్మ వాకిట్లోనే అర్థం చేసుకుంది. తాయికి పీట వేసింది గానీ నన్ను కూర్చోమనలేదు. తాయి కొట్టంలోకి వెళ్లి ఈసారి చెయ్యి పెట్టలేదు. కళ్లు తెరిచి, వంగి చూసింది. రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ వాపు. చిన్నాయిన నిలబడి చెప్పుకొచ్చాడు.

"దీని జోడు పోయినేడు గడ్డల రోగమొచ్చి చచ్చిపాయె తాయీ. ఇంకోటి కొననీకి చేతగాలే. మా అన్నదమ్ములోళ్ల ఎద్దును అడిగి తెచ్చిన. అదేమో పొడుగు. కాడి వాలుగ పడుతున్నది, ఎరుకే నాకు. బరువంత దీని మీదనే. ఏం జెయ్యాలె? చేను ఆగదు గద."

తాయి చీర కొంగు చాపి రెండు ఎద్దుల మూపులకూ ఎత్తు కొలిచింది. జానెడు తేడా. సంచిలోంచి దూదీ నూనే తీసి, ఈగలు వాలకుండా ఎట్లా కట్టాలో నా చేతులతో చేయించింది. ఆ తర్వాత బయటికి వచ్చి అంది: "ఆ మూపు మానినంక సంతకం పెడ్త. అప్పటిదాక వారి మీద కాడి పెట్టొద్దు."

"వారు" అంటే ఎవరో చిన్నమ్మకు ఒక క్షణం పట్టింది. పట్టాక ఆమె గొంతు లేచింది. "అది మానేదాక మేం పదకొండుగురం ఏం జెయ్యాలె తాయీ? మేం గూడ కాడి మోస్తనే ఉన్నం. మా మూపు మీద ఎవ్వలు చెయ్యి పెట్టలే."

తాయి తల వంచుకుని బూట్ల లేసులు కట్టుకుంది. చిన్నమ్మ నా వైపు తిరిగింది. "పండుగ పూట అన్నం పెట్టి పంపితి నిన్ను. చీటీ రాసి చిన్నమ్మ నోటికాడి కూడు గుంజినవ్."

ఆ సంగతి చీటీలో రాయలేదనీ, నోటితో చెప్పాననీ ఏమని చెప్పను?

తిరుగు బస్సులో నేనే ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. పద్ధతి తప్పి, గొంతు పెంచి అడిగాను. "ఒక్క ఎద్దు కోసం పదకొండుగురిని ఆపుతరా?"

ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది. సున్నపురాయి గనుల దుమ్ము వానకు తడిసి ముద్దలు ముద్దలుగా రోడ్డు పక్కన పడి ఉంది. "సరైన పనో కాదో నాకు ఎరుకలేదు పోరీ. గానీ ఆ ఆడోళ్లు నన్ను తిట్టగలరు. తిట్టనీ. వారికి తిట్టరాదు."

అప్పుడా మాట నాకు చాలలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా చాలదు.

చలికాలం వచ్చేసరికి ఆమె బస్సులెక్కడం ఆగిపోయింది. కాళ్లు కూడా చేతుల్లాగే అయ్యాయి. ఊరి కబుర్లు అమ్మ ద్వారా తెలిసేవి. చిన్నాయిన పొడుగు ఎద్దును తిరిగి ఇచ్చేశాడని, శనగ విత్తడానికి సంఘంలోనే ఒకామె తన జత ఇచ్చిందని, అడగడానికి చిన్నమ్మ రెండు రోజులు సిగ్గుపడిందని. పత్తి ఆఖరి తీత అయిపోతుండగా తాయి నన్ను పిలిచి, "ఒక్కదానివే పో. నీ చెయ్యి పెట్టి చూసి రా" అంది.

అంత దూరం ఒంటరిగా పని మీద వెళ్లడం నాకు అదే మొదటిసారి. వాకిట్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లలోంచి చిన్నమ్మే ముందు చూసింది. "ఇన్స్‌పెక్టరమ్మ వచ్చింది, పీటెయ్యున్రి" అంది. ఎవరూ పీట వెయ్యలేదు, ఎవరూ నవ్వలేదు. అందరూ చేతుల్లో పత్తి అట్లాగే పట్టుకుని కొట్టం దాకా వచ్చారు.

పుండు మానింది. ఆ చోట వెంట్రుకలు తెల్లగా వచ్చాయి. వాపు లేదు. నేను లోపల్లోపలే నమస్కారం చెప్పి, చెయ్యి పెడుతున్నానని చెప్పి, అరచేయి పరిచాను. చర్మం చల్లగా, మెత్తగా ఉంది. ఎద్దు ముడుచుకుని పక్కకు జరిగింది.

కాసేపు ఆగి మళ్లీ పెట్టాను. మళ్లీ జరిగింది. మూడోసారి కూడా జరిగింది, ఈసారి కొంచెం తక్కువ.

"మానింది" అంది చిన్నమ్మ నా వెనక నుంచి. "కండ్లకు కనవడుతలేదా? రాయి." ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. మిగతా పదిమందీ నా చెయ్యి వైపే చూస్తున్నారు.

బస్సులో రాశాను: "పుండు పూర్తిగా మానింది. తెల్ల వెంట్రుకలు వచ్చాయి. వాపు, వేడి లేవు. చెయ్యి పెడితే ఇంకా జరుగుతోంది. మూడుసార్లు పెట్టాను. మూడోసారి తక్కువ జరిగింది." ఆ నాలుగో వాక్యం కొట్టేయాలని రాజూరా దాకా పెన్ను చేతిలోనే ఉంది. కొట్టేయలేదు. మార్చుకోవడానికి రెండో చీటీ లేదు.

తాయి మంచం మీద కూర్చుని ఉంది. చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది.

"జరిగింది నొప్పికా, భయానికా?"

"తెల్వది తాయీ. నొప్పయితే వేడి ఉండాలె. వేడి లేదు. భయమే కావొచ్చు. గానీ తెల్వది."

ఆమె కళ్లు తెరవలేదు. చిన్నమ్మ సంఘం పని ఇక అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకు ఎట్లా చెప్పాలో లోపల మాటలు కూడగట్టుకుంటున్నాను.

"నాకూ ఎన్నడు తెల్వలే" అంది ఆమె. "ఇన్నేండ్లు చెయ్యి పెట్టి చూసిన. జరిగితే నొప్పి అని రాసిన. జరగకుంటే మంచిగున్నదని రాసిన. జరగనోళ్లలో ఎందరు నొప్పికి అలవాటై ఊకున్నరో. జరిగినోళ్లలో ఎందరు నన్ను చూసి భయపడ్డరో. చేతికి తెలుస్తదని అనుకున్న. చెయ్యి పోయినంక తెలిసింది, దానికీ సగమే తెలుసని." కళ్లు తెరిచింది. "చీటీ కింద, తెలియదు అని రాయి."

రాశాను.

"దాని కింద, మంజూరు అని రాయి."

"రెండూనా? తెలియదు అని రాసి, మంజూరు అంటే నాగ్‌పూరోళ్లు..."

"రెండూ. ఆ ఆడోళ్లు శనగలు విత్తనీకి ఎద్దుల జత అడుక్కొచ్చిన్రు గానీ, వారి మీద కాడి పెట్టలే. ఆ సంగతి గూడ రాయి. నేను మర్చిపోతే వాటా ఉన్నోళ్లు మర్చిపోవద్దు."

అంతా రాసి కాగితం అట్ట మీద పెట్టి ఆమె ఒళ్లో ఉంచాను. పెన్ను ఆమె వేళ్ల మధ్య పెట్టి, ఒక్కొక్క వేలూ మడిచాను. వేళ్లు చల్లగా ఉన్నాయి. కళ్లజోడు లేదు, కాగితం ఆమెకు తెల్లటి మసక మాత్రమే. పెన్ను చేతిలో ఉందో జారిపోయిందో ఆమెకు తెలియడం లేదు. ముఖం నా వైపు తిప్పింది.

"పట్టుకున్ననా?"

"పట్టుకున్నరు తాయీ" అన్నాను.

నా మాట మీద ఆమె సంతకం చేసింది.